ముక్కు దూలము - శస్త్రచికిత్స

(ఏర్పేడు ప్రాంతపు గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



దాపరికము లేక మాటలాడువానిని మనము ముక్కుసూటి మనిషి అందుము. ఆ మాట గుణమునకు చెల్లును గాని ముక్కునకు చెల్లదు. లోపల దీపము వేసి చూచిన వైద్యులు చెప్పునదేమనగా, పూర్తిగా నిటారైన దూలము గలవారు బహు అరుదు. మనలో చాలమందికి అది కొంచెమో గొప్పో ఒక వైపునకు ఒరిగియే యుండును. ఒరిగినవారందరును బాధపడరు. ముక్కు దిబ్బడతో బాధపడువారందరికిని ఆ వంకరయే కారణము కాదు. ఈ రెండు మాటల నడుమ నున్న సంగతిని నేడు మీతో ముచ్చటింప వచ్చితిమి.

రోడ్లు, వీధిదీపములు, మంచినీటి పథకములు చర్చించు సభలో ముక్కును గూర్చిన ప్రసంగమేల యని మీకు తోచవచ్చును. గ్రామములో ఎవరికైనను "ఆపరేషన్" అను మాట వినబడగానే వారు మొదట వచ్చునది మీ యింటికే గదా. "చేయించుకొనవచ్చునా, అన్నా? ఎంత ఖర్చు? ఎక్కడికి పోవలెను? ముఖ్యమంత్రి సహాయ నిధికి కాగితము వ్రాయించి పెట్టుదురా?" అని అడుగుదురు. మీరు చెప్పు మాటను బట్టి ఒక కుటుంబము అప్పు తెచ్చుటయో మానుటయో జరుగును. అందువలన ఈ విషయము మీకు తెలిసియుండుట అవసరము.

మొదట పేరు సంగతి. మన ప్రాంతమున దీనిని "ముక్కులో ఎముక పెరిగినది" అందురు. అది పెరుగుట కాదు, వంగుట. రెండు ముక్కుపుటముల నడుమ నిలువుగా ఒక గోడ కలదు. అదియే దూలము. దాని ముందు భాగము మృదులాస్థి; చెవిదొప్పవలె వంచిన వంగునట్టిది. వెనుక భాగము పలుచని గట్టి యెముక. గోడకు రెండు ప్రక్కల తడిగా నుండు సన్నని పొర కప్పియుండును. గోడ ఒక ప్రక్కకు ఒరిగినచో ఆ ప్రక్క దారి ఇరుకగును. రెండవ ప్రక్క దారి విశాలమగునని మనము అనుకొందుము. కాని అచట ప్రక్క గోడను అంటియున్న కండ క్రమముగా ఉబ్బి ఆ చోటును ఆక్రమించును. "ముక్కులో కండ పెరిగినది" అని వైద్యులు చెప్పినపుడు చాలమార్లు సంగతి యిదియే. ఆ కండ అందరికిని పుట్టుకతో ఉండునదే. ఉండవలసినదే.

ఏ ప్రక్క దారి మూసుకొనినదో ఇంటివద్దనే కొంతవరకు పరీక్షించుకొనవచ్చును. చల్లని స్టీలు పళ్లెమును ముక్కు క్రింద అడ్డముగా పట్టి, నోరు మూసి, మెల్లగా ఊపిరి విడువవలెను. పళ్లెము మీద రెండు ఆవిరి మచ్చలు పడును. ఒకటి పెద్దదిగాను ఒకటి చిన్నదిగాను ఉండవచ్చును. అంతమాత్రమున తీర్పు చెప్పరాదు. రెండు మూడు గంటలాగి మరల చూడవలెను. ఏలయనగా, ఆరోగ్యవంతుని ముక్కు కూడ రెండు ప్రక్కల ఒకే తీరున ఆడదు. కొన్ని గంటలు కుడి ప్రక్క పొర ఉబ్బి యెడమ ప్రక్క తెరచుకొనును. పిమ్మట ఎడమది ఉబ్బి కుడిది తెరచుకొనును. 1895లో కైజర్ అను జర్మను వైద్యుడు దీనిని వర్ణించెను. మన యోగులు ఇడ యనియు పింగళ యనియు చంద్రస్వరము, సూర్యస్వరము అనియు చెప్పుకొను సంగతి ఆయనకంటె ఎన్నడో పూర్వపుది. మలయాళస్వామివారు 1926లో నెలకొల్పిన వ్యాసాశ్రమము ఈ ఏర్పేడులోనే యున్నది గనుక ప్రాణాయామమును గూర్చి మీకు మేము చెప్పనక్కరలేదు. ఒక ముక్కు మూసి రెండవ దానితో గాలి పీల్చబోయి, ఒక ప్రక్క ఎన్నడును ఆడదని అప్పుడు తెలిసికొన్నవారిని మేమెరుగుదుము.

స్థూలముగా ఒక గుర్తు చెప్పవచ్చును. దిబ్బడ ఒకమారు ఈ ప్రక్క, ఒకమారు ఆ ప్రక్క మారుచుండిన, తుమ్ములు, నీరు కారుట, కండ్ల దురద తోడైన, అది పొరకు సంబంధించినది. ధూళియో పుప్పొడియో పడకపోవుట వలన కలిగినది. ఏండ్ల తరబడి ఒకే ప్రక్క మూసుకొనియుండిన, దూలమును అనుమానింపవలెను. రెండును కలిసియుండుట కూడ సాధారణమే. తుది నిర్ణయము సన్నని గొట్టపు దుర్భిణితో లోపల చూచిన చెవి, ముక్కు, గొంతు వైద్యునిది.

ఇంతకును ముక్కుతోనే ఊపిరి పీల్చవలెనని పట్టుదల ఏల? నోరున్నది గదా! ఇచ్చటికి సమీపముననే శ్రీకాళహస్తి వాయులింగ క్షేత్రము కలదు. గాలి చొరరాని గర్భాలయమున దీపము కదలుచుండుటను మీరందరు చూచియుందురు. మనిషి దినమునకు సుమారు 10,000 లీటర్ల గాలిని లోనికి తీసికొనును. ఆ గాలి వేసవిలో వడగాలిగాను, ధనుర్మాసమున చలిగాలిగాను, నూర్పిళ్ల నాడు దుమ్ముగాను వచ్చును. ముక్కు దానిని వడగట్టి, తడిపి, దేహపు వేడిమికి దగ్గరగా తెచ్చి ఊపిరితిత్తులకు అందించును. నోటికి ఈ పని చేతకాదు. నోటితో పీల్చువానికి తెల్లవారునప్పటికి గొంతు ఎండిపోవును, గురక పెరుగును, దంతములు, చిగుళ్లు చెడును, నిద్ర చాలక పగలు తూగుచుండును. ఆహారపు వాసన తెలియదు, కనుక రుచియు తెలియదు.

దూలము ఏల వంగును? కొందరికి పుట్టుకతోనే, కొందరికి పెరుగుదలలో, మిగిలినవారికి దెబ్బ వలన. మోటారుసైకిలు పాటు, క్రికెట్టు బంతి, మోచేతి పోటు, ఇవన్నియు కారణములే. చంద్రగిరి మండలమందలి రంగంపేటలో సంక్రాంతికి జరుగు పశువుల పండుగను మీరెరుగుదురు. ఆ ఉత్సాహమును మేము తప్పుపట్టబోము. కాని కొమ్ము తగిలిన ముక్కు విషయమున ఒక మాట చెప్పక తప్పదు. ఈ ప్రసంగములో మీరు మరేమి మరచినను దీనిని మరువకుడు.

దెబ్బ తగిలిన ముక్కునుండి కారు రక్తము కొంతసేపటికి నిలిచిపోవును. "నిలిచినది, ఇక భయము లేదు" అని పసుపు పెట్టి పండుకొనబెట్టుదురు. ఒక్కొక్కప్పుడు రక్తము వెలికి రాక, దూలమునకును దానిని కప్పిన పొరకును నడుమ చేరి గడ్డకట్టును. మృదులాస్థికి పోషణ ఆ పొరనుండియే రావలెను. పొర విడిపోయినచో మూడు నాలుగు దినములలో అది చచ్చుటకు మొదలిడును; చీము పట్టిన ఇంకను త్వరగా. అటుపైన ముక్కు వెన్ను జీనువలె కుంగిపోవును. బిడ్డలకైనచో ముక్కు పెరుగుదలయే దెబ్బతినును. గుర్తులివి: దెబ్బ తగిలిన పిదప రెండు ప్రక్కల ముక్కు పూర్తిగా మూసుకొనిపోవుట, నొప్పి తగ్గక హెచ్చుట, జ్వరము, లోపల ఎర్రని మెత్తని ఉబ్బు. ఇట్టివానిని ఆ దినమే ఆసుపత్రికి చేర్పవలెను. చిన్న గాటు పెట్టి ఆ రక్తమును తీసివైచిన ముక్కు నిలుచును. పండుగ మరునాడు వైద్యుడుండునా యని సందేహింపక 108కి ఫోను చేయవలెను.

ఇక శస్త్రచికిత్స యనిన గ్రామములో ఉన్న భయము. "ముక్కు కోయించుకొనిన చప్పిడి ముక్కు అగును", "కంటి చూపు మందగించును", "మరల పెరుగును" అని అందురు. ఈ భయమును చూచి నవ్వువారితో మేము ఏకీభవింపము. అందులో కొంత నిజము ఒకప్పుడు ఉండెను.

ముక్కుకు కత్తి తగిలించుట మన దేశమునకు కొత్త కాదు. తెగిన ముక్కును చెక్కిలి చర్మముతో అతుకు విధానము సుశ్రుత సంహితలో కలదు. 1792 నాటి యుద్ధమున ఆంగ్లేయుల దండులో ఎడ్లు తోలు కావస్‌జీ అనునతడు టిప్పు సుల్తాను వారికి చిక్కగా అతని ముక్కును, ఒక చేతిని తెగగొట్టిరి. పిదప పూనా వద్ద ఒక దేశీయ వైద్యుడు నుదుటి చర్మమును మలచి అతనికి క్రొత్త ముక్కు కట్టెను. ఆ వృత్తాంతము 1794లో లండనులోని జెంటిల్మన్స్ మ్యాగజైన్ పత్రికలో అచ్చయ్యెను. దానిని చదివిన కార్ప్యూ అను వైద్యుడు 1814లో లండనులో ఆ పద్ధతిని అనుసరించెను. ఎడ్లబండివాని ముక్కు సీమ వైద్యులకు పాఠమైనది! అయితే అది వెలుపలి ముక్కు సంగతి. లోపలి దూలమును సరిచేయు శాస్త్రము వేరు. 1902లో చికాగోలో ఫ్రీర్, 1904లో జర్మనీలో కిల్లియన్ దానికి ఒక క్రమము కల్పించిరి. పొరను లేపి, వంగిన మృదులాస్థిని, ఎముకను చాలవరకు తీసివైచుట వారి పద్ధతి. దారి తెరచుకొనెను. కాని ఆధారము తగ్గుటచే కొందరికి ముక్కు వెన్ను కుంగెను. కొందరికి గోడకు చిల్లి పడి ఊపిరి తీసిన ఈల మ్రోగెను. మన తాతలు విన్న "చప్పిడి ముక్కు" కథలకు మూలము ఇట్టి అనుభవములలో నుండవచ్చును. 1940, 50 దశకములలో చికాగోలోనే మారిస్ కాటిల్ మొదలగువారు తీసివైచుటకు బదులు సరిచేసి నిలుపు మార్గమును ప్రచారము చేసిరి. నేడు జరుగునది ఆ తోవలోనిది. దూలములో వంగినంత మేర మాత్రమే సవరించి, ముక్కును నిలుపు ముందు వెన్నును, పై వెన్నును ముట్టక విడుతురు.

మేమును ఈ చికిత్స చేయించుకొన్నవారమే. కనుక కొంత వివరముగా చెప్పగలము.

వెలుపల గాటు ఉండదు. ముక్కు లోపలనే చిన్న కోత పెట్టి, పొరను ఇరుప్రక్కల లేపి, గోడను సరిచేసి, పొరను మరల పరచి కుట్టుదురు. సాధారణముగా గంటకు అటునిటు పట్టు పని. మాకు పూర్తి మత్తు ఇచ్చిరి. కొందరికి ముక్కునకు మాత్రమే మత్తు ఇచ్చి చేయుదురు. తెలివి వచ్చునప్పటికి రెండు ప్రక్కల ముక్కులో పట్టీ కూరియుండెను. ఈ పట్టీ ఇప్పుడు అందరికిని పెట్టుట లేదు. పెట్టినచో సాధారణముగా ఒకటి రెండు దినములలో తీయుదురు. నిజము చెప్పవలెననిన, నొప్పి కంటె ఆ రాత్రియే కష్టము. నోటితోనే ఊపిరి, నాలుక బెరడువలె ఎండును, నీరు మ్రింగినపుడెల్ల చెవులలో గాలి బిగియును. తలగడలు రెండు ఎత్తుగా పెట్టుకొని కూర్చున్నట్లే పండుకొనవలెను. గంజియు పులుసు అన్నమును ఒకే రుచిగా నుండును, అనగా రుచి లేకుండును. పట్టీ తీయు నిమిషము కన్నీరు తెప్పించును. అది నిమిషమే.

పిదపి మూడు వారములు ఓపిక కావలెను. లోపల పొర వాచియుండుటచే మొదట మునుపటికంటె దిబ్బడ ఎక్కువగానే తోచును. "డబ్బు పోయినది, ముక్కు తెరువలేదు" అని చాలమంది పదవనాడు నిరాశపడుదురు. పక్కులు కట్టును, వానిని గోటితో లాగరాదు. ముక్కు చీదరాదు. తుమ్ము వచ్చిన నోరు తెరచి తుమ్మవలెను. బస్తాలెత్తుట, నాగలి పట్టుట, వంగి చేయు పనులు రెండు వారములు మానవలెను. కావున నాట్లకో కోతలకో ముందు ఈ చికిత్స పెట్టుకొనరాదు. మాకు ముందరి పై పండ్లు నెల దినములు మొద్దుబారియుండెను. అది సాధారణమనియు తగ్గుననియు వైద్యులు ముందే చెప్పిరి, తగ్గెను. ఆరవ వారమున ఒక సాయంకాలము తొలకరి చినుకులు పడినపుడు మట్టి వాసన ఎడమ ముక్కునకు తెలిసెను. ఆ ప్రక్కకు అది తెలియుట మాకు జ్ఞాపకమున్నంతలో అదే మొదలు. చిత్రమేమనగా నూర్పిళ్ల దుమ్మునకు తుమ్ములు మాత్రము నేటికిని పోలేదు. దూలము సరియైనది, ధూళి పడకపోవుట ధూళి పడకపోవుటగానే యున్నది.

అపాయములు లేవా? కలవు. రక్తము కారుట, చీము పట్టుట, గోడకు చిల్లి పడుట, అరుదుగా ముక్కు ఆకృతి మారుట. కంటికి హాని దూలము మాత్రమే సరిచేసినపుడు బహు అరుదు. సైనసులను కూడ కలిపి చేసినపుడు దానిని గూర్చి వైద్యుని ముందుగా అడుగవలెను.

మా యెరుకలో నొక అమ్మ కలదు. ముప్పది ఏండ్లు కట్టెల పొయ్యి ముందు గడపినది. ముక్కు దిబ్బడకు చికిత్స చేయించుకొన్నది, నగలు కుదువబెట్టినారు. ఆరు నెలలకు దిబ్బడ మరల మొదటికి వచ్చినది. దూలము వంకరగా నుండుట నిజమే కాని, ఆమె బాధలో దాని పాలు తక్కువ, పొగకు వాచిన పొర పాలు ఎక్కువ. ఆ పొగ ఇంటిలోనే యున్నది. పిమ్మట గ్యాసు పొయ్యి వచ్చి, వైద్యులు వ్రాసిన స్టెరాయిడు పిచికారీని విడువక వాడిన మీదట కొంత సుఖపడినది. ఇట్టి అనుభవము వలన శస్త్రచికిత్సయే దండుగ యని కొందరు తీర్మానింతురు. అదియు సరికాదు. 2019లో లాన్సెట్ అను వైద్య పత్రిక నెదర్లాండ్సు దేశమున 203 మంది పెద్దలతో జరిపిన పరిశోధనను ప్రకటించెను. 2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ బ్రిటనులో 378 మందితో జరిపిన దానిని ప్రకటించెను. దూలము వంకరచే దిబ్బడ గలవారిని చీట్లు తీసినట్లు రెండుగా విభజించి, కొందరికి శస్త్రచికిత్స, కొందరికి అది లేక మందులు మొదలగు ఇతర చికిత్స చేసి చూచిరి. రెండింటను శస్త్రచికిత్స పొందినవారికే ఎక్కువ మేలు కలిగెను. ఈ సంగతి సరిగా ఎంచబడిన రోగులకు వర్తించును. ఆ యెంపికలోనే అంతయు నున్నది.

కనుక మీ వద్దకు సలహాకు వచ్చినవారిని ముందుగా అడుగవలసిన ప్రశ్న ఖర్చును గూర్చి కాదు. "కొన్ని వారములు మందు క్రమముగా వాడి చూచితివా?" అని అడుగుడు. మందు అనగా దుకాణములో కొను చుక్కల మందు కాదు. ఆక్సీమెటాజొలిన్, జైలోమెటాజొలిన్ చుక్కలు నిమిషములలో ముక్కు తెరపించును. అందుకే జనులకు ప్రీతి. అయిదారు దినములు మించి వాడిన, మందు దిగగానే పొర మునుపటికంటె ఎక్కువ ఉబ్బును. మరల చుక్కలు, మరల ఉబ్బు. జేబులో ఆ సీసా లేనిదే నిద్రపోని లారీ డ్రైవర్లు కలరు. ఉప్పునీటితో ముక్కు కడుగుట, మన జలనేతి, మంచిదే. కాని నీరు కాచి చల్లార్చినదై యుండవలెను. 2024, 2025 సంవత్సరములలో కేరళలో చెరువులు, బావుల వంటి నీటివలన ముక్కుగుండా అమీబా మెదడునకు చేరి మరణములు సంభవించుటను పత్రికలలో చదివియుందురు.

పిల్లల సంగతి వేరు. నోరు తెరచి నిద్రపోవు బిడ్డకు తరచు కారణము దూలము కాదు, ముక్కు వెనుక పెరిగిన అడినాయిడు గ్రంథులు. పాఠశాలలో మందమతి యని పేరుపడిన వానికి వినికిడి తగ్గియుండవచ్చును. దానికిని ఈ గ్రంథులు కారణము కావచ్చును. దూలమునకు మాత్రము, తీవ్రమైన అడ్డు లేనిచో, ముఖము ఎదుగుదల ముగియువరకు ఆగుమని వైద్యులు చెప్పుట కద్దు. ఒక ప్రక్కనుండి మాత్రమే దుర్వాసనతో చీమిడి కారుచున్న చిన్నబిడ్డ ముక్కులో వేరుశనగ విత్తనమో చింతగింజయో ఉండునని అనుమానింపవలెను. బొమ్మలలోని బిళ్లవంటి బ్యాటరీ అయినచో గంటలలోనే లోపల కాల్చివేయును, ఆలస్యము పనికిరాదు.

గురకను గూర్చి ఒక హెచ్చరిక. గురక పెట్టుచు నడుమ ఊపిరి ఆగి ఉలికిపడి లేచువాడు, పగలు స్టీరింగు పట్టి తూగువాడు మీ గ్రామమున ఉండవచ్చును. అది నిద్రలో ఊపిరి ఆగు వ్యాధి. దూలము సరిచేసినంత మాత్రమున అది సాధారణముగా నయము కాదు. గొంతు, బరువు, అన్నియు చూడవలెను. తిరుపతి-శ్రీకాళహస్తి బాటలో రాత్రివేళ బండ్లు తోలువారిలో ఇట్టివానిని వైద్యుని వద్దకు పంపిన మేలు వానికొక్కనికే కాదు.

సైన్యములో చేరగోరు యువకులు కూడ ఈ ప్రశ్నతో వత్తురు. ఊపిరికి అడ్డుపడునంత వంకర యున్నచో వైద్య పరీక్షలో నిలుపుదురు. అడ్డు లేని కొద్దిపాటి వంకరకు నిలుపరు. ఎవరో చెప్పిరని అవసరము లేని చికిత్సకు పరుగిడక, ముందు పరీక్ష చేయించుకొనుమనుడు. నిజముగా అవసరమైనచో, పుండు మాని లోపల కుదురుకొనుటకు కొన్ని నెలలు పట్టును గనుక, ఎంపికల తేదీకి చాలముందుగా చేయించుకొనవలెను.

ఎచ్చటికి పోవలెను? మొదట మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు. అచటినుండి తిరుపతిలోని రుయా ప్రభుత్వ ఆసుపత్రికి. అది 1960లో స్థాపితమైన శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాలకు అనుబంధమైనది. చెవి, ముక్కు, గొంతు విభాగము కలదు. ఏర్పేడు నుండి బస్సులు, రైళ్లు ఉన్నవి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై పిమ్మట పేర్లు మారుచు వచ్చిన ప్రభుత్వ ఆరోగ్య పథకము క్రింద ఏ చికిత్స ఏ షరతులతో జేరునో, ఆ పథకమున జేరిన ఆసుపత్రిలోని సహాయకుని అడిగి, చేరుటకు ముందే తెలిసికొనవలెను. చేరిన పిదప అడుగుట వలన చిక్కులు కలుగును. రేషను కార్డు, ఆధారు వెంట నుంచుకొనుమనుడు.

చికిత్స అయి వచ్చినవానిని రెండు వారములు దుమ్మునకు దూరముగా నుంచుమని వైద్యులు చీటీలో వ్రాయుదురు. ఇంటి ముందు కంకర లారీలు తిరుగు మట్టి బాట యున్నచో ఆ చీటీని అతడెట్లు పాటించును? ఆ రెండు వారములైనను ఆ వీధిలో ఉదయము, సాయంకాలము ట్యాంకరుతో నీరు చల్లించుట పంచాయతీ చేతిలోని పని. ఒక గ్రామమున అట్లు చల్లించగా, ముక్కు సంగతి తెలియని ఇరుగుపొరుగువారు కూడ ఆపవద్దని కోరిరి.

ఇక మీ ప్రశ్నలు అడుగుడు. మా వెంట ప్రాథమిక ఆరోగ్య కేంద్రము వైద్యులు కూడ వచ్చియున్నారు. పశువుల పండుగకు పోవు కుర్రవారిని గూర్చి మొదట అడుగుదురేని సంతోషింతుము.